ప్రెయిరీ సీమలో తొలితరము కర్షక స్త్రీ

ఉత్తర అమెరికా ఖండమధ్యమున, మిసిసిపీ నదీప్రాంతము మొదలుకొని రాకీ పర్వతముల పాదములవఱకును, దక్షిణమున కాన్సస్ మొదలు ఉత్తరమున కెనడాలోని సస్కాచెవాన్, ఆల్బర్టాలవఱకును, వృక్షచ్ఛాయ యెఱుగక పరచుకొనియున్న తృణభూములకు ప్రెయిరీలని పేరు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునను ఇరువదవ శతాబ్దపు తొలిపాదమునను లక్షలాది కుటుంబము లీ భూములకు వలసవచ్చి నాగలి పెట్టినవి. ఆ కుటుంబములలోని స్త్రీ యెట్లు జీవించెను, ఏమి పొందెను, ఏమి కోల్పోయెను అను ప్రశ్నకు చరిత్రకారులును, నవలాకారులును, స్వయముగా ఆ స్త్రీలును నూఱేండ్లకు పైబడి సమాధానములు చెప్పుచునే యున్నారు. అవి యొండొంటితో పొసగవు. కొంద ఱామెను గాలిహోరు విని విని మతి చలించిన దీనురాలిగా చిత్రించిరి; కొందఱు చంకను బిడ్డతో పడమటి దిక్కునకు సాగిపోవు వీరమాతగా శిలావిగ్రహములు నిలిపిరి; మఱికొందఱు పాతసమాజపు కట్టుబాట్లను త్రెంచుకొన్న స్వతంత్రురాలిగా కొనియాడిరి. ఈ చిత్తరువులలో సత్యాంశము లేకపోలేదు. కాని మూడింటను ఒక్కటే లోపము: ఆమె సుఖదుఃఖములకు ఆ నేలయు, ఆ గాలియు, ఆ మంచుతుపానులే కర్తలైనట్లు అవి భావించును. ఈ విషయమునుగూర్చి వెలువడిన రచనలను, భూమి దస్తావేజులనుబట్టి చేసిన పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినపుడు నాకు తోచున దింకొకటి. ఆమె బ్రతుకును తీర్చినవి ప్రకృతికంటె నెక్కువగా భూచట్టములును, కుటుంబపు జమాఖర్చులును. అనగా, నేల యెవరి పేర పట్టా యగును, శ్రమ యెవరి ఖాతాలో పడును అను రెండు విషయములు.

మొదట చట్టము సంగతి. 1862 మే 20వ తేదీన అబ్రహాం లింకన్ సంతకము చేసిన హోమ్‌స్టెడ్ చట్టము ప్రకారము, స్వల్పమైన రుసుము చెల్లించి, 160 ఎకరముల ప్రభుత్వభూమిపై ఇల్లు కట్టుకొని, ఐదేండ్లు అచ్చటనే కాపురముండి సాగుచేసినవారికి ఆ భూమి స్వంతమగును. ఇరువదియొక్క సంవత్సరములు నిండినవారుగాని, కుటుంబమునకు పెద్దగా నున్నవారుగాని దరఖాస్తు పెట్టవచ్చును. ఈ నిబంధనలో పురుషుడని గాని స్త్రీయని గాని లేదు. కావున అవివాహితలును, వితంతువులును, భర్త విడిచిన స్త్రీలును భూమి కోరుట కర్హులైరి. ఆ కాలమున ప్రపంచమున మఱెచ్చటను సామాన్య స్త్రీకి ఇంత సులభముగా ఇంత భూమి దొరకుట అరుదు. కాని వివాహిత స్త్రీ మాట వేఱు. భర్త బ్రతికియుండి కాపురము సాగుచున్నంతకాలము కుటుంబమునకు పెద్ద అతడే; ఆమె యెంత పాటుపడినను దరఖాస్తు పెట్టు అధికార మామెకు లేదు. ఈ చట్టము క్రింద కాలక్రమమున సుమారు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరములు పంపిణీ యయ్యెను. ప్రెయిరీకి వచ్చిన స్త్రీలలో అధికసంఖ్యాకులు భార్యలుగా వచ్చినవారే గనుక, ఆ పట్టాలలో బహుభాగము వారి చెమటతో పండి, వారి పేరు లేక వెలువడినవి.

చట్టముతోపాటు భూమిని కొలిచిన పద్ధతియు గమనింపదగినది. సర్వేదారులు సీమనంతయు మైలు పొడవు, మైలు వెడల్పుగల చదరములుగా కోసిరి. ఒక్కొక్క చదరము 640 ఎకరములు; దానిని నాలుగు చేయగా నొక్కొక్క కుటుంబమునకు 160. పట్టా కావలెనన్నచో ఆ తుంటలోనే నివసింపవలెను. మన పల్లెలలో ఇండ్లన్నియు ఒకచోట గుమిగూడియుండి, పొలములు ఊరిచుట్టు పరచుకొనియుండును. తెల్లవాఱి పొలమునకు పోయినవారు పొద్దు గ్రుంకువేళకు ఇరుగుపొరుగుల నడుమకు తిరిగివత్తురు. ప్రెయిరీలో ఆ ఏర్పాటు తలక్రిందులాయెను. ఇల్లు పొలము నడుమ, పొరుగిల్లు అరమైలు దూరమునగాని అంతకు మించిగాని. చుట్టుపట్ల తుంటలను రైల్వే కంపెనీలో, ధర పెరుగుటకు వేచియున్న దళారులో పట్టియుంచినచో ఆ దూరము ఇంకను పెరుగును. పురుషుడు గింజ లమ్ముటకో, బాకీ తీర్చుటకో, పనిముట్టు బాగుచేయించుటకో పట్టణమునకు పోవును. పసిపిల్లలతో, పాడిపశువులతో ఆమె ఇంటనే నిలువవలెను. 1893లో అట్లాంటిక్ మంత్లీ పత్రికయందు ఇ. వి. స్మాలీ యను పాత్రికేయుడు ప్రెయిరీ కమతములలోని ఏకాంతమునుగూర్చి వ్రాయుచు, అచ్చటి స్త్రీపురుషులలో మతిభ్రమ మెక్కువగుచున్నదని చెప్పి, ఐరోపాయందువలె రైతు లూళ్లు కట్టుకొని నివసింపవలెనని సూచించెను. మతిభ్రమనుగూర్చి యతని లెక్క యెంత నిజమో గాని, ఆ సూచన మాత్రము యుక్తమైనది. ఏలయన, 1870లలో రష్యానుండి మానిటోబాకు వచ్చిన మెనొనైట్ మతస్థులు కెనడా చట్టములోని వెసులుబాటు నాధారము చేసికొని, తమ పాతదేశమునందువలెనే వీథికి రెండువైపుల ఇండ్లు కట్టుకొని ఊళ్లుగా స్థిరపడిరి. నేల అదియే, చలి అదియే. ఏకాంతము మాత్రము ఆ యూళ్లలో లేదు. ఒంటరితనము ప్రెయిరీకి సహజగుణమని వ్రాసినవారు ఈ యుదాహరణము నంతగా పట్టించుకొనలేదు.

ఇక ఇంటి మాట. కలప లేని ఆ సీమలో నేలనే ఇటుకగా మలచుకొనిరి. శతాబ్దముల తరబడి గడ్డివేళ్లు అల్లుకొని బిగిసిన పైమట్టిని ప్రత్యేకమైన నాగలితో పట్టీలుగా కోసి, పారతో రెండుమూడడుగుల ముక్కలు చేసి, గడ్డివైపు క్రిందుగా పేర్చి, రెండుమూడడుగుల మందమున గోడ లెత్తుదురు. ఆ గోడలు శీతకాలమున వెచ్చగను వేసవిని చల్లగను ఉండును, నిప్పంటుకొనవు, గాలికి పడవు. ఇంతవఱకు అది మెచ్చదగిన కట్టడము. కాని పైకప్పు కూడ మట్టియే. వాన మూడుదినములు కురిసినచో కప్పు బురదనీటిని మఱి మూడుదినములు కార్చును. వంట చేయుచున్న ఆమె పొయ్యిపై గొడుగు పట్టించుకొన్నదని, మంచము నొకమూలనుండి ఇంకొకమూలకు జరుపుకొన్నదని జ్ఞాపకకథలలో మరల మరల కనబడును. ఎండలో మట్టి రాలును. అప్పుడప్పుడు పామును జారిపడును. దీనికి ఆమె కనిపెట్టిన ఉపాయము, పలుచని వస్త్రమును కప్పుక్రింద చాందినివలె బిగించి కట్టుట. లోపలిగోడలకు సున్నము పూసి, పాతపత్రికల నంటించి, గోడమందమే అరుగుగా నుండు కిటికీలలో పూలమొక్కలుంచి ఆ గుహను గృహముగా మార్చినది ఆమెయే. దక్షిణరాష్ట్రములలో దాస్యవిముక్తులైన నల్లజాతివారు 1877లో కాన్సస్‌లో నెలకొల్పిన నికొడెమస్ అను ఊరికి మఱుసటి యేడు వచ్చిన యొక స్త్రీ, ఊ రేదియని అడుగగా, భర్త నేలలోనుండి లేచుచున్న పొగలను చూపెనట. గోతులలో కాపురమున్న ఆ జనమును తలచి ఆమె ఏడ్చినది. ఏడ్చి, అచ్చటనే నిలిచినది.

వంటచెఱకు లేదు. అడవిదున్నల కాలమునాటి ఎండుపేడను, అవి కనుమరుగైన పిమ్మట పశువుల ఏరుపిడకలను గోనెలతో మోసితెచ్చుట స్త్రీలకును పిల్లలకును నిత్యకృత్యము. క్రొత్తగా వచ్చినవారు మొదట పటకారుతో పట్టుకొందురు, తరువాత గుడ్డతో, ఆ పిదప చేతితో, కడకు రొట్టెపిండి కలుపుచు నడుమ లేచి పొయ్యిలో వేసి చేయి దులుపుకొని మరల పిండి కలుపుదురని ఆ నాటివారు చెప్పుకొనెడివారు. పేడయు దొరకనిచోట ఎండుగడ్డిని మెలివేసి కట్టలుగా చేయవలెను. అవి నిముషములలో కాలిపోవును గనుక మెలివేయుట ఆగరాదు. 1880-81 శీతకాలమున దక్షిణ డకోటాలోని డెస్మెట్ పట్టణమునకు మంచుచే రైళ్లు నిలిచిపోయి నెలల తరబడి పిండియు బొగ్గును రానపుడు, ఇంగల్స్ కుటుంబమువారు గడ్డిమెలికలు కాల్చుచు, కాఫీగింజలు విసరు చిన్నయంత్రమున గోధుమలు విసరి రొట్టె చేసికొని బ్రతికిరి. ఆ ఇంటి కూతురే తరువాత లారా ఇంగల్స్ వైల్డర్ అను పేర లోకప్రసిద్ధి గాంచిన రచయిత్రి. 1874లో మిడుతల దండు కాన్సస్, నెబ్రాస్కా, మిన్నెసోటాలపై పడినపుడు తోటను కాపాడుకొనుటకు స్త్రీలు దుప్పట్లు కప్పిరి. మిడుతలు దుప్పట్లను తిని తోటను తినెను. 1888 జనవరి 12వ నాడు మధ్యాహ్నవేళ హఠాత్తుగా విరుచుకుపడిన మంచుతుపానులో బడికి పోయిన పిల్లలు పెక్కుమంది దారిలోనే మరణించిరి. వీనిని నేను త్వరగా దాటిపోవుటకు కారణము అవి చిన్నవని కాదు. ఈ విపత్తులు ఇతర గ్రంథములలో పుష్కలముగా వర్ణింపబడియున్నవి.

నవలలలో ఈ స్త్రీ మూర్తి నిలిచినంత బలముగా చరిత్రగ్రంథములలో నిలువలేదు. హామ్లిన్ గార్లండ్ 1891లో ప్రకటించిన కథలలో తన తల్లితరపు స్త్రీలు చాకిరిచే నలిగి ముదిసిపోయిన తీరును ఆగ్రహముతో వ్రాసెను. నార్వేనుండి వలసవచ్చిన రోల్వాగ్ తన మాతృభాషలో వ్రాసి, 1927లో ఆంగ్లమున వెలువరించిన ‘జయంట్స్ ఇన్ ది ఎర్త్’ నవలలోని బేరెట్, దాగుటకు చెట్టయినను లేని ఆ దిగంతమునకు బెదరి, కిటికీలకు గుడ్డలు కప్పి, స్వదేశమునుండి తెచ్చుకొన్న పెద్ద పెట్టెలో దాగును. విల్లా కేథర్ నాయిక లట్టివారు కారు. 1913 నాటి ‘ఓ పయనీర్స్’లో అలెగ్జాండ్రా, తండ్రి మరణించిన పిదప, భూమి విడిచి పోదమన్న తమ్ములను వారించి, అప్పు తెచ్చి మఱింత భూమి కొని, తన తెలివితో సంపన్నురాలగును. విమర్శకులు ఆమెకు నేలతోగల అనురాగమును మెచ్చుదురు. నాకు మాత్రము ఆ నవలలో ముఖ్యముగా తోచునది వేఱొక ఘట్టము: ఆమె వివాహమాడునేమో యన్న అనుమానము పుట్టగానే, భూమి సంపాదించినది తామేననియు, ఇంటి యాస్తి ఇంటి మగవారిదేననియు తమ్ములు వాదమునకు దిగుదురు. కేథర్ తొమ్మిదవయేట వర్జీనియానుండి నెబ్రాస్కాకు వచ్చి, ఆ కాపురములను కన్నులార చూచిన రచయిత్రి. వివాదము నేలతో కాదు, పట్టాతో అని ఆమె గుర్తించెను.

చరిత్రకారులలో పడమటి వలసల సరిహద్దే అమెరికాను తీర్చినదను సిద్ధాంతమును 1893లో ప్రతిపాదించిన ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ దృష్టిలో స్త్రీ దాదాపు లేనేలేదు. 1931లో ‘ది గ్రేట్ ప్లెయిన్స్’ అను మహాగ్రంథమును రచించిన వాల్టర్ ప్రెస్కాట్ వెబ్ ఆ మైదానములు పురుషుల నాకర్షించి స్త్రీలను భయపెట్టినవని తీర్మానించెను. ఈ తీర్మానమునకు సమాధానము అప్పటికే ఒక అటకపై మూటగట్టి యుండెను. లిల్లా డే మన్రో యను కాన్సస్ న్యాయవాదిని 1920 ప్రాంతములలో సుమారు 800 మంది తొలితరము స్త్రీలచేత జ్ఞాపకములు వ్రాయించి సేకరించి, ప్రచురింపకయే మరణించెను. ఆమె మునిమనుమరాలు జోఅన్నా స్ట్రాటన్ 1975లో వానిని కనుగొని, 1981లో గ్రంథముగా వెలువరించెను. వానిలో భయమును కలదు, బిడ్డలను పాతిపెట్టిన దుఃఖమును కలదు. దానికి సరితూగునట్లు నాట్యములు, బొంతలు కుట్టు కూటములు, సువార్తసభలు, పొరుగామె ప్రసవమునకు గుఱ్ఱమెక్కి పోయిన రాత్రులును కలవు. గ్లెండా రైలీ మొదలగు పరిశోధకులు దినచర్యల నాధారముగా గైకొని, ఏ సీమలో నున్నను ఆ స్త్రీల పనిలో ఎక్కువభాగము ఇంటి చాకిరియే యనియు, గడ్డినేల వచ్చినంతమాత్రమున అది మాఱలేదనియు నిరూపించిరి. ఏకాంతమే పరమదుఃఖమన్న మాటకు రేచల్ కేలాఫ్ స్వీయకథ గొప్ప ప్రత్యుత్తరము. రష్యానుండి 1894లో ఉత్తర డకోటాకు పెండ్లికూతురుగా వచ్చిన ఈ యూదుస్త్రీ, వంటచెఱకు పొదుపు కొఱకు అత్తమామలతో, మఱదితో, కోళ్లతో, దూడతో ఒకే చిన్నగదిలో శీతకాలము గడపెను. ఆమెకు కొఱవడినది మనుష్యసాంగత్యము కాదు; ఒక్క నిముషమైనను తనకై మిగులని చాటు. వృద్ధాప్యమున యిద్దిష్ భాషలో ఆమె వ్రాసికొన్న ఆ కథ 1995లోగాని ఆంగ్లమున పుస్తకరూపము దాల్చలేదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమని నేను భావించు విషయము, వెన్నయు గ్రుడ్లును. గోధుమపంట ఏటికొకసారి వచ్చును. వచ్చిన సొమ్ము తాకట్టు వడ్డీకి, కోతయంత్రపు వాయిదాకు, రైలుకిరాయికి పోవును. అనావృష్టి సంవత్సరమున అదియు లేదు. ఆ యిల్లు నిలిచినది మీగడమీద. పాలు వెడల్పు పళ్లెములలో పోసి, నేలమాళిగలోనో బావిలోనో చల్లగా నుంచి, పైకి తేలిన మీగడను తీసి, కూడబెట్టి, చిలికి, వెన్నను చల్లనినీట పలుమార్లు కడిగి, చల్లయంతయు పోవువఱకు కొయ్యగరిటెతో పిసికి, ఉప్పు కలిపి, జాడీలలో అదిమిపెట్టవలెను. చల్ల మిగిలినచో వెన్న చేదెక్కును. అంగడివాడు ధర తగ్గించును. పక్షమున కొకమా రా జాడీలును, పొట్టులో పేర్చిన గ్రుడ్లును పట్టణమునకు పోవును. బదులుగా కాఫీ, పంచదార, కిరసనాయిలు, చీట్లగుడ్డ, పిల్లల జోళ్లు ఇంటికి వచ్చును. ఆ లెక్క అంగడివాని పద్దుపుస్తకములో తఱచు భర్తపేరనే వ్రాయబడుచుండెను. 1870, 1880 నాటి జనాభా లెక్కలలో ఈ స్త్రీల వృత్తి యెదుట ‘ఇల్లు చూచుకొనుట’ యని మాత్రమే కనబడును. పాలు పితికి, వెన్న చిలికి, కోళ్లు పెంచి, కూరతోట వేసి, సబ్బు వండి, బట్టలు కుట్టి, నూర్పుడు దినములలో పది పదునైదుగురు కూలీలకు పూటపూటకు వండి వడ్డించి, పని మిగిలినప్పుడు పొలములో నిలిచిన మనిషికి ప్రభుత్వము వ్రాసికొన్న వృత్తి ఇది!

ప్రభుత్వ మొకసారి ఆమె నడుగకపోలేదు. 1913లో అమెరికా వ్యవసాయమంత్రి డేవిడ్ హ్యూస్టన్, పంటల సమాచారము పంపుచుండిన 55,000 మంది రైతులకు లేఖలు వ్రాసి, తమ శాఖ గృహిణులకేమి చేయవలెనో వారి భార్యలనే అడిగి తెలుపుమనెను. వచ్చిన ఉత్తరములను 1915లో శాఖవారు సంపుటములుగా ప్రకటించిరి. మరల మరల వినవచ్చిన మొఱ నీరు: పొలమునకు క్రొత్తయంత్రము వచ్చినది, పశువుల కొట్టమునకు గాలిమరతో నీరు వచ్చినది, వంటయింటికి మాత్రము బావినుండి బిందెతో మోసితేవలసినదే. కమతమున ఏది పెట్టుబడి, ఏది దుబారా యని తీర్మానించువారెవరో ఈ ఒక్క మొఱవలననే తేటపడును.

చట్టము తలుపు తెఱచినచోట స్త్రీ లేమి చేసిరో చూచినచో ఈ వాదము బలపడును. 1886 మొదలు నెబ్రాస్కాలోని కస్టర్ కౌంటీలో బండిపై తిరుగుచు ఛాయాచిత్రములు తీసిన సోలమన్ బుచర్ చిత్రములలో, మట్టియింటి యెదుట నిలిచిన నలుగురు అక్కచెల్లెండ్ర చిత్రము ప్రసిద్ధము. వారిలో పెద్దవారు తమ పేరనే భూమి కోరినవారు. ఉత్తర డకోటా దస్తావేజులను శోధించి ఎలెయిన్ లిండ్‌గ్రెన్ 1991లో ప్రకటించిన గ్రంథమునుబట్టి, అచ్చట దరఖాస్తుదారులలో నూటికి సుమారు పదిమంది స్త్రీలు. ఉపాధ్యాయినులు, దాదులు, కుట్టుపనివారు తమ జీతమును భూమిపై పెట్టిరి. కొందఱు పట్టా వచ్చినంతనే అమ్మి ఆ సొమ్ముతో చదువుకొనిరి, తమ్ములను చదివించిరి. దానిని నిజమైన వ్యవసాయము కాదని కొట్టివేయువారు, అదేపని చేసిన పురుషులను ఆ మాట అనరు. వయోమింగ్‌లో ఎలినోర్ ప్రూయిట్ స్టూవర్ట్ 1909లో భూమి కోరి, తన పూర్వపు యజమానురాలికి వ్రాసిన ఉల్లాసభరితములైన ఉత్తరములు 1914లో పుస్తకమై, బట్టలుతికి బ్రతుకు పట్టణపు స్త్రీలందఱు వచ్చి భూమి గైకొనియెడు ఉత్సాహమును కలిగించెను. కాని ఆమె దరఖాస్తు పెట్టిన వారము పదిదినములకే పొరుగురైతును వివాహమాడెను. దంపతులకు రెండు కాపురములు చెల్లవు గనుక కొలది యేండ్లలో ఆ భూమిని అత్తగారికి వదలుకొనెను. ఆమె ధైర్యము నే నెంతయు మెచ్చుదును. అయినను ఆమె కథయే వివాహమునకును పట్టాకును నడుమనున్న అగడ్తను చూపుచున్నది.

కెనడాలో ఆ సందుకూడ మూసిరి. 1872 నాటి డొమినియన్ భూచట్టము క్రింద పది డాలర్లకు 160 ఎకరములు పురుషునకు లభించుచుండగా, కొలదికాలములోనే అవివాహిత స్త్రీలు వర్జింపబడి, పోషింపవలసిన బిడ్డలుగల వితంతువులవంటివారు మాత్రమే అర్హులుగా మిగిలిరి. 1905లో ఇంగ్లండునుండి వచ్చిన జార్జినా బిన్నీ క్లార్క్ సస్కాచెవాన్‌లోని ఫోర్ట్ క్వాపెల్ చెంత 320 ఎకరములు స్వంతధనముతో కొని గోధుమ పండించెను. పొరుగున పురుషులకు ఉచితముగా వచ్చినదానికి తాను మూల్యము చెల్లింపవలసివచ్చిన అన్యాయమును ఆమె ‘వీట్ అండ్ వుమన్’ అను తన 1914 నాటి గ్రంథములో లెక్కలతో వివరించెను. వేలాది సంతకములతో స్త్రీలు పంపిన అర్జీలను ఒట్టావా ప్రభుత్వము త్రోసిపుచ్చెను. భర్త భార్యతో చెప్పకయే ఇల్లును పొలమును అమ్మివేయకుండ నిరోధించు చట్టము ఆల్బర్టాలో 1917లోగాని రాలేదు.

ఈ సమీక్షలో ఇంకొక స్త్రీని విస్మరించినచో అది అసత్యమగును. ఆ తృణభూములు నిర్మానుష్యములు కావు. మిసూరీనదీతీరమున హిడాట్సా, మాండన్ జాతుల స్త్రీలు శతాబ్దములుగా మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, ప్రొద్దుతిరుగుడు పండించుచుండిరి. పొలములు స్త్రీల స్వత్వము. 1839 ప్రాంతమున జన్మించిన బఫెలో బర్డ్ వుమన్ అను హిడాట్సా వృద్ధురాలు గిల్బర్ట్ విల్సన్ అను పరిశోధకునకు చెప్పిన వ్యవసాయవివరములు 1917లో ప్రకటింపబడినవి: అడవిదున్న భుజపుటెముకతో చేసిన పార, పక్షులను తోలుటకు మంచె, గింజలు దాచు లోతైన పాతఱలు, విత్తనము ఎన్నుకొను విధానము. ప్రెయిరీలో మొదటి కర్షకస్త్రీ ఈ జాతుల స్త్రీయే. 1887 నాటి డాస్ చట్టము ఆ జాతుల ఉమ్మడి భూములను తుంటలుగా చేసి, ముఖ్యముగా కుటుంబపెద్దల పేర పంచి, మిగులును వలసదారులకు తెఱచెను. ఒక స్త్రీకి పట్టా నిచ్చిన కొలతగొలుసే ఇంకొక స్త్రీ పొలము నపహరించెను. లారా ఇంగల్స్ శైశవమున ఆమె తలిదండ్రులు కాన్సస్‌లో కట్టుకొన్న ఇల్లును ఓసేజ్ జాతివారి భూమిపైనే యుండెను. వలసస్త్రీల సాహసమును గౌరవించువారికి ఈ సత్యమును ప్రక్కన పెట్టు హక్కు లేదు.

తమ బాధలకు మూలము గాలిలో లేదని కొందఱు వలసస్త్రీలు ఆ నాడే గ్రహించిరి. 1876లో నెబ్రాస్కాకు వచ్చిన లూనా కెలీ, బిడ్డలను పెంచుచు, కోళ్ల పోషణతో ఇల్లు గడుపుచు, రైలుకిరాయిలును వడ్డీలును తమ పంటను మ్రింగుచున్నవని తెలిసికొని, రైతు సమాఖ్యలో చేరి, దాని రాష్ట్రకార్యదర్శినియై, ఇంటినుండియే ఉత్తరప్రత్యుత్తరములును పత్రికయు నడపెను. కాన్సస్‌లో మేరీ ఎలిజబెత్ లీజ్ 1890లో ఊరూర తిరిగి ఉపన్యసించెను. వీరి పోరాటము బ్యాంకులతోను రైల్వేలతోను. ఇంటిలోని జమాఖర్చు మాత్రము అటులనే నిలిచెను.

ఆ జమాఖర్చు న్యాయస్థానమునకు చేరుటకు తరములు పట్టినది. ఆల్బర్టాలో ఐరీన్ మర్డాక్ అను పశుక్షేత్ర గృహిణి ఇరువదియైదేండ్ల కాపురము చెడినపుడు, తాను గడ్డి కోసితిని, ట్రాక్టరు నడపితిని, పశువులకు టీకాలు వేసి ముద్రలు కాల్చితిని, ఏట ఐదునెలలు భర్త లేనపుడు క్షేత్రమంతయు చూచితిని, కావున నాకు భాగము రావలెనని వాదించెను. 1973లో కెనడా సుప్రీంకోర్టు ఆ కోరికను త్రోసివేసెను. ఆమె చేసినది ఏ పశుక్షేత్ర గృహిణియైనను చేయు పనియే యన్నది క్రింది న్యాయస్థానపు నిర్ణయము. జస్టిస్ బోరా లాస్కిన్ ఒక్కరు విభేదించి, ఆ శ్రమను అసాధారణమైనదిగా గుర్తింపవలెనని తీర్పు వ్రాసిరి. ఆ వ్యాజ్యము దేశమంతటి స్త్రీలను కదిలించినది; 1978లో ఆల్బర్టా శాసనసభ దాంపత్యకాలమున సమకూడిన ఆస్తిలో భార్యకు భాగము కల్పించు చట్టము చేసినది.